తిరుపతిలో ఏడో నెల: మంచం దిగడానికీ ఒక పద్ధతి

అందరికీ నమస్కారం. తిరుపతి వచ్చాక తీస్తున్న వీడియో కాబట్టి కొండ, కోనేరు, గాలిగోపురం కనిపిస్తాయని అనుకుని ఉంటారు. ఈసారి మీకు కనిపించేది బైరాగిపట్టెడలో మా అమ్మ వాళ్ళింటి పడకగది, నా వెనక ఈ దిండ్ల గుట్ట. ఏడో నెల నడుస్తోంది. కడుపులో బిడ్డ హాయిగా ఉంది. నేను మాత్రం మంచం దిగాలన్నా ముందు ఒక పథకం వేసుకోవాలి.

కారణం కటి కీళ్ళ నొప్పి, ఇంగ్లీషులో పెల్విక్ గర్డిల్ పెయిన్. ఎక్కడంటే, పొట్ట కింద, రెండు తొడలు కలిసే చోట ముందున్న ఎముక మీద. వెనక నడుము అడుగున, పిరుదుల పైన రెండు పక్కలా కూడా ఉంటుంది. నడుస్తుంటే ఒక్కోసారి లోపల టక్కుమంటుంది. పగలంతా ఎలాగో గడిచిపోతుంది, రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటేనే ప్రాణం పోతుంది.

చూడటానికి వచ్చినవాళ్ళంతా చెప్పే మాట ఒక్కటే: "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే, ఓర్చుకో." మామూలే, నిజమే. గర్భిణుల్లో ఐదుగురిలో ఒకరి దాకా ఈ నొప్పి వస్తుంది. అయితే ఎక్కువమందికి వచ్చేది కాబట్టి దానికి చేయవలసింది ఏమీ లేదని ఎలా తేల్చారో నాకు అర్థం కాదు. జలుబు కూడా అందరికీ వస్తుంది, దానికి ఎంత కషాయం కాస్తాం!

సంగతి ఇది. మన కటి ఎముకలు ముందు ఒక చోట, వెనక త్రికాస్థికి, అంటే వెన్నెముక అడుగున ఉండే ఎముకకు, రెండు పక్కలా కలుస్తాయి. ముందు కలిసే చోట మృదులాస్థి ఉంటుంది, మామూలు రోజుల్లో ఆ సందు నాలుగైదు మిల్లీమీటర్లు. గర్భంలో రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కీళ్ళను పట్టి ఉంచే స్నాయువులు వదులై, అది ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాన్పు కోసం శరీరం చేసుకునే ఏర్పాటే అది. కోళ్ళు వదులైన నవారు మంచం మీద ఒక మూల కూర్చుంటే మంచమంతా కిర్రుమంటుంది చూడండి, అలా బరువు ఒక పక్కకు ఒరిగిందంటే ఈ కీళ్ళు గొడవ చేస్తాయి. అలాగని సందు ఎంత పెరిగితే నొప్పి అంత పెరుగుతుందన్న లెక్కేమీ లేదు. బిడ్డకు దీనివల్ల ఏ హానీ లేదు.

నాకిది ఇంగ్లండ్‌లో మేముండే బర్మింగ్‌హామ్‌లోనే మొదలైంది. అక్కడ గర్భిణులను ఎక్కువగా చూసేది మిడ్‌వైఫ్. నొప్పి సంగతి చెప్పగానే ఆవిడ ఫిజియోథెరపీకి రాసి, ఒక కరపత్రం చేతిలో పెట్టింది. అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఆ కరపత్రమే నాకు దిక్కు. బరువులు ఎత్తవద్దు, నిండిన ట్రాలీ తోయవద్దు, మెట్లు మాటిమాటికీ ఎక్కి దిగవద్దు. అన్నీ సరైన మాటలే. కానీ మా ఇంట్లో వంటగది కింద, పడకగది, స్నానాల గది పైన. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఇంట్లో నేనొక్కదాన్నే. చేయకూడని పనుల జాబితా ఉంది, వాటిని చేసిపెట్టే మనిషి లేరు. తిరుపతిలో లెక్క తిరగబడింది. చేసిపెట్టడానికి అమ్మ, పెద్దమ్మ, పక్కింటి అత్త అందరూ ఉన్నారు, నాకు సరిపడే ఎత్తు కుర్చీ ఒక్కటీ లేదు!

మన ఇళ్ళలో సగం జీవితం నేల మీదే కదా. కత్తిపీట ముందు కూర్చోవాలి, ముగ్గుకు వంగాలి, పూజకు బాసింపట్టు వేయాలి, స్నానానికి చిన్న పీట. ఇవన్నీ ఈ కీళ్ళకు పడనివే. వాటికి పడనివి ముఖ్యంగా రెండు: ఒంటికాలి మీద బరువు వేయడం, కాళ్ళు ఎడంగా చాపడం. ఈ రెండూ గుర్తు పెట్టుకుంటే ఎవరింట్లో ఏం మార్చాలో వాళ్ళకే తెలిసిపోతుంది. స్నానాల గదిలోకి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. చుడీదారు ప్యాంటు నిలబడి వేసుకోవడం మానేశాను. మంచం అంచున కూర్చుని రెండు కాళ్ళూ దూర్చాకే లేస్తాను. మేడ మీదికి వెళ్ళక తప్పకపోతే ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, రెయిలింగు పట్టుకుని ఎక్కుతాను.

మంచం దిగే పద్ధతి చూపిస్తాను, కెమెరాను కొంచెం ఇటు తిప్పుతున్నాను. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకున్నాను. మోకాళ్ళ మధ్య దిండు, పొట్ట కింద చిన్న దిండు. మోకాళ్ళ మధ్య దిండు ఒక్కటే పెడితే పాదం కిందికి వాలి తుంటి మెలి తిరుగుతుంది, అందుకని చీలమండల దాకా వచ్చే పొడుగు దిండు కావాలి. ఇప్పుడు లేవాలి. మోకాళ్ళు రెండూ అంటుకునే ఉండాలి. భుజం, నడుము, మోకాళ్ళు కలిపి ఒకేసారి అంచు వైపు తెచ్చి, కాళ్ళు జతగా కిందికి వదిలి, మోచేతి మీద ఆని పైకి లేవాలి. రెండు పాదాలూ నేలను తాకాకే నిలబడాలి. అవతలి పక్కకు తిరగాలన్నా ఇంతే, మోకాళ్ళు విడిపోకూడదు.

కారుకూ ఇదే సూత్రం. ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూర్చోవాలి, ఆ తర్వాత మోకాళ్ళు జత చేసి కాళ్ళు లోపలికి తిప్పాలి. సీటు మీద ఒక ప్లాస్టిక్ కవరు పరిస్తే ఒళ్ళు సులువుగా జారుతుంది. బట్టల దుకాణం కవరుకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. ఆటో సంగతి వేరు: ఒక కాలు పైకి ఎత్తి బరువంతా దాని మీద వేస్తే తప్ప ఎక్కలేం. అందుకే ప్రస్తుతానికి ఆటోకు సెలవు. స్కూటరు మీద పక్కకు తిరిగి కూర్చోవడం గురించి నన్ను అడగనే వద్దు.

చెన్నై నుంచి కారులో వస్తున్నప్పుడు పుత్తూరు దాటుతుంటేనే పెద్దమ్మ ఫోను చేసింది. "ఎలాగూ దారిలోనే కదా, ఒకసారి కట్టు చూపించుకుని రాకూడదా?" చిత్తూరు వైపు వాళ్ళకు ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజం. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో విరిగిన చేతులు కట్టే ఊరు అది. కానీ నాకేమీ విరగలేదు. వదులైన కీళ్ళను కడుపుతో ఉన్నప్పుడు ఎవరి చేతనైనా లాగించుకోవడం, విరిపించుకోవడం నాకు ఇష్టం లేదు. పెద్దమ్మకు ఈ మాట మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి అమ్మ చేత చెప్పించాను.

అవ్వ సలహా మాత్రం పనికొచ్చింది. వేరుశనగ చేలో కలుపు తీసే రోజుల్లో, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు తుంటికి పాత నూలు చీర మడిచి బిగించి కట్టుకునేవాళ్ళట. "నడుముకు కాదే, కిందికి, పొట్ట కిందికి" అని తనే చేసి చూపించింది. ఇక్కడి ఫిజియోథెరపిస్టుకు చెబితే ఆమె నవ్వి, బెల్టు కట్టవలసిన చోటు కూడా సరిగ్గా అదేనన్నారు: పొట్ట మీద కాకుండా, పొట్ట కింద తుంటి ఎముకలను చుట్టి. నడిచేటప్పుడు కట్టుకోవాలి, పడుకునేటప్పుడు తీసేయాలి, నొప్పి ఎక్కువైతే వదులు చేయాలి. వ్యాయామాలు కూడా నేర్పారు. మోకాళ్ళ మీద, అరచేతుల మీద ఉండి నడుమును మెల్లగా పైకి గుండ్రంగా లేపి దించడం, మూత్రం ఆపుకున్నట్టు కటి కింది కండరాలను బిగించి వదలడం, పిరుదుల కండరాలను బిగించడం. ఎవరికి ఏవి సరిపోతాయో చూసి చెప్పవలసింది వాళ్ళే కాబట్టి నన్ను చూసి మొదలుపెట్టకండి.

మాత్రల విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను. వీధి చివరి మందుల షాపులో "నొప్పి మాత్ర ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టరు రాయనిదే గర్భిణులు ముట్టుకోకూడదు. ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాల మీద, ఉమ్మనీటి మీద ప్రభావం చూపగలవు. మా డాక్టరు నాకు పారాసిటమాల్ మాత్రమే, అదీ అవసరమైనప్పుడే వేసుకోమన్నారు.

ఇక మొక్కు. నేను వస్తే అలిపిరి మెట్లెక్కి కొండకు వస్తామని అమ్మ మొక్కుకుంది. 3,550 మెట్లు! మోకాళ్ళ పర్వతం దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే కూలబడతారు. స్వామికి తొందర లేదు, పాపాయి పుట్టాక వాళ్ళ నాన్న ఎత్తుకుని ఎక్కుతాడని చెప్పి వాయిదా వేయించాను. ఆయనింకా బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నాడు, ఈ మాట తెలియదు. మొన్న సాయంత్రం తిరుచానూరు అమ్మవారి దగ్గరికి మాత్రం వెళ్ళి వచ్చాం. దగ్గర, చదును నేల. వరుసలో నిలబడినప్పుడు ఒక కాలి మీదికి ఒరిగే అలవాటు నాది, అది మానుకోవడమే పెద్ద పని అయింది.

సీమంతానికి పీట మీద కూర్చోబెట్టాలని పెద్దమ్మ పట్టు. నేల మీద బాసింపట్టు వేసి గాజులు తొడిగించుకునేసరికి నన్ను నలుగురు లేపాలి. చివరికి రాజీ కుదిరింది: నేను కుర్చీలో, నా పాదాలు పసుపు రాసిన పీట మీద. శాస్త్రం పీట కావాలంది కానీ దాని మీద ఏది పెట్టాలో చెప్పలేదని నాన్న తీర్పు ఇచ్చాడు.

ప్రతి నొప్పినీ దీని ఖాతాలో వేయకండి. రక్తం కనిపించినా, జ్వరం ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా, 37 వారాల లోపు పొట్ట వచ్చిపోతూ బిగుసుకుంటున్నా, బిడ్డ కదలిక తగ్గినా, కాళ్ళు మొద్దుబారినా, ఒక పిక్కే వాచి నొప్పెట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ నొప్పి ఉంటే ఆపరేషనే గతి అని కూడా అంటున్నారు. అదేమీ లేదు, చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. పక్కకు పడుకునో, మోకాళ్ళ మీద ఉండో కనవచ్చు. వెల్లకిలా పడుకుని నొప్పి లేకుండా మోకాళ్ళు ఎంత ఎడంగా వెళ్తాయో ముందే కొలిచి ఉంచుకోమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. నొప్పి తెలియకుండా నడుముకు ఇంజెక్షన్ ఇచ్చాక కాళ్ళు హద్దు దాటి ఎడమైనా మనకు తెలియదు కాబట్టి, ఆ కొలత కాన్పు గదిలో ఉండేవాళ్ళకు తెలియాలి. అమ్మ కుట్టుమిషను డబ్బాలో టేపు ఉంది, నిన్ననే కొలిచాం. ఆ అంకె రాసిన కాగితం నా ఫైలులో అన్నిటికంటే పైన ఉంది. ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టరు చేత దాని మీద సంతకం కూడా పెట్టించుకోవాలి.