కాలుతో పాటు తోడునూ ఇయ్యాలె

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఫ్లెక్సీ మీద ఉన్నయ్, మళ్లీ చదవను. శాలువాలు తర్వాత చూసుకుందాం.

డిసెంబర్ 3, దివ్యాంగుల దినం వచ్చిందంటే కృత్రిమ కాళ్ల పంపిణీ, ఫొటోలు. మంచిదే. ఆరు నెలల తర్వాత ఆ కాలు ఎక్కడుందో పోయి చూసినోళ్లు ఎందరు? చానా ఇండ్లల్ల సజ్జ మీద ఉంటది. నన్ను మానసిక ధైర్యం గురించి మాట్లాడుమన్నరు. నేను ఆ సజ్జ కాడి నుంచే మొదలుపెడ్త.

కాలు తీసిన ఆపరేషన్ తర్వాత నెలల తరబడి స్టంప్, అంటే తీసెయ్యంగ మిగిలిన కాలు, వాపు తగ్గి సన్నబడుతుంటది. అచ్చు తీసిననాడు సరిపోయిన సాకెట్, అంటే కృత్రిమ కాలుకు పైన స్టంప్ దూరే గిన్నె అసుంటి భాగం, వదులైతది. స్టంప్ లోపలికి జారి, కొస ఒత్తుకొని పుండు పడ్తది. వదులైతే ముందు స్టంప్‌కు తొడిగే సాక్సు ఒకటి పెంచాలె. ఎన్ని పెంచినా ఆగకపోతే సాకెట్టే మార్చాలె. ఈ ముక్క చెప్పేటోళ్లు లేక "నాకే చాతనైతలేదు" అనుకొని కాలు విప్పి పెడ్తరు. ఇగ పెండ్లికి పోరు, బతుకమ్మకు రారు. ఇంట్లోళ్లేమో బద్దకం అంటరు.

1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన పాదంతోటి సక్లముక్లం కూర్చోవచ్చు, ఉత్తకాళ్లతో పొలంల దిగొచ్చు. కానీ సాకెట్ కుదరకుంటే ఆ పాదం ఏం పనికొస్తది?

ఆ వదులు సంగతి ఒక్క చూపుల పట్టేది అట్లనే కాలు పోయిన తోటివాడే. కాలు పోయి కనీసం ఏడాది దాటి, సొంత దుఃఖం నుంచి కొంత తేరుకున్నోళ్లను తోడుగా పంపాలె. మోకాలి కింద తీసినోళ్లకు అసుంటోళ్లనే, ఆడోళ్లకు ఆడోళ్లనే, షుగర్ పుండుతో పోయినోళ్లకు వీలైతే షుగర్ ఉన్నోళ్లనే. యాక్సిడెంట్ల కాలు పోయిన పడుచు పిలగాడు పోయి "నేను మూడు నెలలకే బండి నడిపిన" అంటే, పుండు మానక పండుకున్న పెద్దాయన ఇంకింత కుంగుతడు.

రావచ్చా అని పేషెంటునే అడగాలె, కొడుకును కాదు. కుర్చీల కూర్చొని మాట్లాడాలె. అరగంట చాలు, అండ్ల మూడొంతులు వినుడే. అడగకముందే ప్యాంటు పైకెత్తి చూపెట్టొద్దు. గోలీల పేర్లు, కాళ్ల దుకాణాల పేర్లు నోట రావొద్దు.

డాక్టర్‌ను అడగలేనివి తోటివాణ్ని అడుగుతరు. "రాత్రిపూట బాత్రూంకు ఎట్ల పోవాలె?" నిద్రమత్తుల కాలు లేదన్నది మరిచి అడుగేస్తరు, స్టంప్ మీదనే పడ్తరు. అందుకే మంచానికి కాలు లేని పక్కన కుర్చీ అడ్డం పెట్టాలె, చంకకర్రలు చేతికందాలె, లైటు వేసి ఉండాలె.

"లేని కాలు గుంజుతాంది" అంటే పిచ్చి లేసిందంటరని కొందరు నోరే తెరవరు. అది నిజమైన నొప్పి, మెదడుల ఆ కాలి పటం ఇంకా ఉంటది. మెదడు శాస్త్రవేత్త డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లల్ల చూపెట్టిన అద్దం పద్ధతి ఉంది. రెండు కాళ్ల నడుమ నిలువుటద్దం పెట్టి, మంచి కాలి నీడను చూసుకుంట మెల్లగ కదిలించాలె, రోజుకు పావుగంట. అందరికీ పనిచేయదు. చూసి దుఃఖం ఆగకపోతే అద్దం తీసెయ్యాలె.

అమ్మలారా, మీకొక మాట. ప్రేమతోటి మోకాలి కింద దిండు పెడ్తరు. పెట్టకుండ్రి! మోకాలు అట్లనే ముడుచుకపోయి బిగుసుకుంటది, ఆ తర్వాత కాలు తొడుగుడు కష్టమైతది.

వెనకున్న అన్నలు చాయ్ పక్కన పెట్టి ఇది వినుండ్రి. రెండు వారాలుగా నిద్ర, తిండి లేక, మనుషులనే చూడనంటుంటే డాక్టర్‌కు చూపెట్టాలె. "నేనుండి ఏం లాభం" అన్నరా, "చచ్చిపోవాలనిపిస్తుందా" అని సూటిగ అడగాలె. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగ విడవొద్దు. మనది పత్తి పండే జిల్లా, పురుగుల మందు డబ్బా ఇంట్ల నుంచి ఆ పూటే తీసెయ్యాలె. మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగుల మాట్లాడ్తరు. ప్రమాదమనిపిస్తే వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి తీసుకపోవాలె. "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు పెట్టించుకున్నా సరే, ఈ ఒక్కటి దాచొద్దు.

నిర్వాహకులను అడిగేది ఇంతే. ఇయ్యాల్టి లిస్టుల రెండు గడులు కొట్టుండ్రి. ఒకదాంట్ల తోడు పేరు, ఇంకోదాంట్ల సాకెట్ చూసే తేదీ. అవి నిండనిదే ఎవరి చేతికీ కాలు ఇయ్యకుండ్రి.