పెద్ద సంస్థలో నెట్‌వర్క్ ఎట్లా పెరుగుతాది: రైల్వే రిజర్వేషన్ కథ

అందరికీ నమస్కారం. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, అంటే వేర్వేరు చోట్ల ఉండే కంప్యూటర్లు కలిసి ఒకటే పని చేసేది, అనంగానే మీకు పుస్తకంలో బొమ్మ గుర్తొస్తాది, నాలుగు సర్వర్లు, మధ్యలో గీతలు. పెద్ద సంస్థల్లో అట్లా ముందే గీసుకోని కట్టింది తక్కువ. అవసరం యాడుంటే ఆడ ఒక సిస్టం మొలుస్తాది, అవి ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చేది తర్వాతే. 1973లో జెరాక్స్ కంపెనీ రీసెర్చ్ సెంటర్ పార్క్ (PARC)లో ఈథర్‌నెట్, అంటే దగ్గర్లో ఉండే కంప్యూటర్లని వైరుతో కలిపే పద్ధతి, పుట్టింది కూడా ఆఫీసు కంప్యూటర్లని లేజర్ ప్రింటర్‌కి కలపాల్సొచ్చే.

మన తిరుపతోళ్ళకి దగ్గరగా ఉండేది రైల్వే. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది, తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్. ఏ సెంటర్ లెక్క దానిదే, పక్కదాని సంగతి తెలీదు. రైల్వేనే జోన్లుగా ఉండాది కదా, సిస్టం కూడా అట్లే వచ్చింది. మనుషులు ఎట్లా మాట్లాడుకుంటారో వాళ్ళు కట్టే సిస్టం కూడా అదే ఆకారంలో వస్తాదని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ సైంటిస్ట్ 1968లోనే రాసినాడు.

కానీ ప్యాసింజర్‌కి జోన్లతో పనేముంది? కొండకొచ్చినోళ్ళు రేణిగుంటలోనో మద్రాసులోనో రైలెక్కి ఎంత దూరమైనా పోవాల, తిరుగు టికెట్ ఇంటి దగ్గరే కావాల. ఆ అవసరమే ఐదింటినీ కలిపింది. రైల్వే కంప్యూటర్ పనులు చూసే సంస్థ క్రిస్ (CRIS) వాళ్ళు కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ రాసి, 1994లో ముందు సికింద్రాబాద్‌లో పెట్టి, 1999 ఏప్రిల్‌కి ఐదు సెంటర్లనీ కలిపినారు.

నాకు బాగా నచ్చేది ఏందంటే డేటా అంతా ఢిల్లీకి తెచ్చి కుప్ప పొయ్యలేదు. ఏ రైలు బెర్తులు ఆ రైలు సెంటర్లోనే ఉంచి, దేశంలో యాడ కౌంటర్లో అడిగినా ఆ రిక్వెస్టు అక్కడికే పోయి జవాబు తెచ్చేట్టు చేసినారు. చివరి బెర్తుకి హౌరాలో ఒకరు, మనూర్లో ఒకరు ఒకే క్షణంలో అడిగితే తేల్చేది ఆ ఒక్క సెంటరే, అందుకే ఒక బెర్తు ఇద్దరికి పోదు. మరి మధ్యలో లైన్ తెగితే? బెర్తు ఇచ్చేసినాక ఇక్కడ టికెట్ ప్రింట్ కాకపోతే? జరిగితే రెండూ జరగాల, లేదంటే రెండూ వెనక్కి పోవాల, 90ల నాటి లైన్ల మీద దీన్ని నిలబెట్టినారంటే మామూలు పని కాదండి, మన సిలబస్‌లో ఫారిన్ కంపెనీల పేర్లే వస్తాయిగానీ ఇది రాదు, రావాల.

2002లో ఆన్‌లైన్ టికెట్ వచ్చినప్పుడు కూడా ఆ ఐదు సెంటర్లని పీకెయ్యలేదు, ఉన్నదానికే ఇంకో దారి కలిపినారు. ఇప్పుడు బోర్డు మీద ఒక టికెట్ రిక్వెస్టు పోయే దారి గీస్తా, ఒక్కో అడుగులో లైన్ తెగితే ఏం చెయ్యాలో మీరు చెప్పండి.