పద్నాలుగు రోజులు ఆగిన పద్దు

శ్రోతలకు నమస్కారం. బడ్జెట్ గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే రేడియో ఆపేసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. కాస్త ఆగండి సామీ, నేను అంకెలు తక్కువే చెబుతాను, గొడవ గురించి ఎక్కువ చెబుతాను. గొడవ అంటే చెవి ఒగ్గని మనిషి మన తిరుపతిలో ఉంటాడా?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. మన రాష్ట్రంలో బడ్జెట్ సమావేశాలప్పుడు పార్టీలు కొట్టుకుంటాయి, ఏటా కొట్టుకుంటాయి, కానీ చాలాసార్లు ఆ కొట్లాట బడ్జెట్ కోసం కాదు. వేరే దేని కోసమో. బడ్జెట్ పుస్తకం బల్ల మీద అట్లాగే ఉంటుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. నచ్చిందంటే మంచిదని కాదు, అందులో అన్నీ ఉన్నాయని. అది 2020 జూన్ నాటిది. కరోనా రోజులు గుర్తుంటాయి కదా. అలిపిరి దగ్గర మనిషి కనపడని రోజులు, గాంధీ రోడ్డులో అంగళ్లు మూసేసిన రోజులు. ఆ మార్చిలో అసెంబ్లీ కూర్చోవడం కుదరలేదు. కానీ ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం, సభ అనుమతి లేకుండా ఖజానా నుంచి రూపాయి తీయకూడదు, అది రాజ్యాంగం పెట్టిన నియమం. అందుకని గవర్నర్ ఆర్డినెన్స్ ఇచ్చారు, అంటే సభ కూర్చోలేనప్పుడు చట్టంలా పనిచేసే ఆదేశం, సుమారు 70 వేల కోట్లకు. ఏప్రిల్, మే, జూన్, ఈ మూడు నెలల ఖర్చులకు. అంటే ఆ అనుమతి జూన్ 30తో సరి. ఈ తేదీ కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగులకు అప్పటికే మార్చి, ఏప్రిల్ జీతాల్లో కోత పడింది, పెన్షనర్లకూ మార్చి పెన్షన్‌లో కోత పడింది, ఉద్యోగులకైతే చాలామందికి సగమే వచ్చింది, మిగతాది తర్వాత ఇస్తామన్నారు. మా వీధిలో రిటైరైన మేష్టారు ఒకాయన ఉన్నారు, పొద్దున్నే పాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన మొదట అడిగేది కరోనా లెక్క కాదు, పెన్షన్ సంగతే. "ఏం సార్, ఈసారన్నా పూర్తిగా వేస్తారంటనా?" అని. నేనేదో ట్రెజరీ ఆఫీసర్‌ని అయినట్టు.

జూన్ 16న సభ మొదలైంది. గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ రాజ్‌భవన్ నుంచే వీడియోలో ప్రసంగించారు. ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ 2 లక్షల 24 వేల కోట్లకు పైగా ఉన్న బడ్జెట్ పెట్టారు. అసెంబ్లీలో 175 సీట్లుంటే 151 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకున్నవే, అక్కడ ఆపేవాళ్లు ఎవరు? రెండు రోజుల్లో అంతా అయిపోయింది. పెద్ద రాష్ట్రం, ఏడాది ఖర్చు, రెండు రోజులు. చర్చ జరిగిందా అని అడిగితే, జరిగిందని చెప్పడానికి నాకు నోరు రాదు.

కానీ పై సభ ఒకటుంది, శాసన మండలి. 58 మంది సభ్యులు. అక్కడ లెక్క తిరగబడి ఉండేది, బలం తెలుగుదేశానిది. ఆ జనవరిలోనే మూడు రాజధానుల బిల్లు, అమరావతి రాజధాని పనులు చూసే సీఆర్డీఏ అనే సంస్థను రద్దు చేసే బిల్లు మండలిలో ఆగిపోయాయి, ఆ కోపంతో అసలు మండలినే రద్దు చేయాలని జనవరి 27న అసెంబ్లీ తీర్మానం చేసేసింది. అంటే జూన్ 17న ఆ సభలో కూర్చున్నవాళ్లలో ఒక పక్షం, ఈ సభే ఉండకూడదని తీర్మానం చేసిన పక్షం. ఇంక అక్కడ వాతావరణం ఎట్లా ఉంటుందో చెప్పాలా.

ఆ రోజు మండలి ముందు రెండు రకాల పనులున్నాయి. ఒకటి ద్రవ్య వినిమయ బిల్లు. పేరు పెద్దది గానీ పని సులువు, ఖజానా తాళం తీసే బిల్లు అది. రెండోది ఆ రాజధాని బిల్లులు, మళ్లీ తెచ్చారు. ప్రభుత్వం ఏమంది? ముందు రాజధాని బిల్లులు తీసుకోండి, తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు అంది. తెలుగుదేశం ఏమంది? ముందు ద్రవ్య వినిమయ బిల్లు తీసుకోండి, తర్వాత మిగతావి చూద్దాం అంది. గొడవంతా ముందేది, తర్వాతేది అన్న దాని మీదే. ఖర్చు ఎక్కువైందనో, స్కూళ్లకు తక్కువిచ్చారనో, అప్పు పెరిగిందనో కాదు. ముందేది, తర్వాతేది. అంతే. కేకలయ్యాయి, తోపులాటలయ్యాయి, మంత్రులు, సభ్యులు ఒకరి మీదికి ఒకరు పోయారు, చివరికి సభ నిరవధికంగా వాయిదా పడింది. రాజధాని బిల్లులూ పాస్ కాలేదు, ద్రవ్య వినిమయ బిల్లూ పాస్ కాలేదు.

ఇప్పుడు రాజ్యాంగం 198వ అధికరణం చూడండి. డబ్బుకు సంబంధించిన బిల్లును మండలి అడ్డుకోలేదు. సలహా చెప్పవచ్చు, అసెంబ్లీ వింటే వింటుంది, లేకపోతే లేదు. పద్నాలుగు రోజుల్లో మండలి తిప్పి పంపకపోతే, ఆ బిల్లు రెండు సభల్లోనూ ఆమోదం పొందినట్టే లెక్క. బాగుంది కదా? కానీ ఆ పద్నాలుగు రోజులు మాత్రం ఆగాల్సిందే. జూన్ 17కు పద్నాలుగు కలపండి. జులై 1 వస్తుంది. పాత అనుమతి ఎప్పుడైపోతోంది? జూన్ 30న. సరిగ్గా జీతాల రోజు మీద పడింది దెబ్బ.

జులై 1న జీతాలు పడలేదు. పెన్షన్లు పడలేదు. గడువు తీరి, గవర్నర్ సంతకం అయ్యాకే ట్రెజరీ కదిలింది. దీనికి మీరే కారణమంటే మీరే కారణమని ఇద్దరూ టీవీల్లో తిట్టుకున్నారు. ప్రభుత్వం వాళ్లేమో, ప్రతిపక్షం ఉద్యోగుల పొట్ట కొట్టిందన్నారు. ప్రతిపక్షం వాళ్లేమో, ముందు ద్రవ్య వినిమయ బిల్లే తీసుకోమని మేం మొత్తుకుంటుంటే మీరే వినలేదన్నారు. నన్నడిగితే ఇద్దరి దగ్గరా క్యాలెండరుంది, ఇద్దరికీ పద్నాలుగు రోజుల లెక్క తెలుసు. అవతలివాడు ముందు దిగుతాడని ఇద్దరూ అనుకున్నారు. దిగలేదు.

నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏమైందిలే అనేవాళ్లున్నారు. అది జీతం మీద బతకని మనిషి మాట. ఇంటి లోను కంతు ఐదో తారీఖున కట్ అయ్యేవాళ్లకు ఆ నాలుగు రోజులే అసలు టెన్షన్. మేష్టారు ఆ రెండు మూడు పొద్దులూ పాల కోసం వచ్చి నన్నేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా అనిపించింది.

ఇంతకంటే ఘోరంగా ఆగిపోయే చోట్లూ ఉన్నాయి. మన ఊళ్లో వీధికో ఇద్దరి పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, అక్కడ మిన్నెసోటా అనే రాష్ట్రంలో 2011 జులై 1న ప్రభుత్వమే మూతపడింది. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, ఆ గవర్నర్ మార్క్ డేటన్ డెమొక్రాట్, రెండు సభలూ రిపబ్లికన్లవి. దాదాపు 500 కోట్ల డాలర్ల లోటు. బాగా సంపన్నుల మీద పన్ను వేద్దామని ఆయన, వద్దు ఖర్చు తగ్గిద్దామని వాళ్లు. అక్కడ మనలాగా పద్నాలుగు రోజులకు దానంతటదే తెగిపోయే ఏర్పాటు లేదు, ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టాల్సిందే. దాదాపు 22 వేల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. పార్కులు మూశారు. ఒక పెద్ద బీరు కంపెనీ లేబుళ్ల రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతే రెన్యువల్ చేసే గుమాస్తా ఆఫీసులో లేడు, దాంతో ఆ బీర్లు అంగళ్ల నుంచి తీసేయమన్నారు. అప్పుడు కదిలింది జనం! 20 రోజులకు రాజీ అయింది. ఎట్లా? పన్ను పెంచలేదు, స్కూళ్లకు ఇవ్వాల్సిన డబ్బు వాయిదా వేశారు, పొగాకు కంపెనీల నుంచి ముందు ముందు వచ్చే పరిహారం చూపించి అప్పు తెచ్చారు. అంటే లోటు తీరలేదు, ముందుకు జరిగింది. కానీ ఒకటి ఒప్పుకోవాలి, వాళ్లు కొట్టుకున్నది డబ్బు మీదే. ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరికి తగ్గించాలి, దాని మీదే.

మన దగ్గర ఆ మాట రాదు. 2020లో ఆ పుస్తకంలో ఏముందో చూద్దాం. అంతకు ముందు ఏడాది, 2019-20కి, ఇదే ప్రభుత్వం పెట్టిన బడ్జెట్ దాదాపు 2 లక్షల 28 వేల కోట్లు. ఏడాది చివరికి వచ్చేసరికి, సవరించిన అంచనా అని పక్క గడిలో వేశారు, అది దాదాపు 1 లక్షా 75 వేల కోట్లు. అంటే ఇస్తామన్న దాంట్లో 50 వేల కోట్లకు పైగా కోత. ఏ పథకానికి తగ్గింది, ఏ కాలువ పని ఆగింది, ఎవరి బిల్లు పెండింగులో పడింది? ఇది కదా గొడవ పడాల్సింది. ఆ రోజు మండలిలో తోపులాట జరిగింది దీని మీద కాదు.

ఒక్క పార్టీ మీద చెబుతున్నానని అనుకోకండి. 2024లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వమూ పూర్తి బడ్జెట్ వెంటనే పెట్టలేదు, మళ్లీ ఆర్డినెన్సే, ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2 లక్షల 94 వేల కోట్ల బడ్జెట్ పెట్టేసరికి నవంబర్ 11 అయింది, ఏడాదిలో సగం పైన గడిచిపోయింది. అప్పుడు 11 మంది ఎమ్మెల్యేలున్న వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని సభకు రాలేదు. 2020లో కేకల మధ్య ఆ పుస్తకం తెరవలేదు, 2024లో అడగాల్సినవాళ్లు సభలోనే లేరు.

పన్నుల సంగతీ ఇంతే. చెత్త పన్ను గుర్తుందా? 2021 నుంచి పట్టణాల్లో ఇంటింటికీ నెలనెలా వసూలు మొదలుపెట్టారు. వద్దని ప్రతిపక్షం, కావాలని ప్రభుత్వం, వీధుల్లో గొడవ, వార్డు సచివాలయం వాళ్లు వస్తే తలుపు వేసుకోవడం, అన్నీ చూశాం. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. జనం సంతోషించారు, నేనూ సంతోషించాను, దాచడమెందుకు. కానీ చెత్త బండి రోజూ రావాలి, దానికి డీజిల్ కావాలి, తోలే మనిషికి జీతం కావాలి. రోజూ కొండకు వచ్చి పోయే వేల మంది వదిలే చెత్త కూడా మనమే ఎత్తాలి. ఆ డబ్బు ఇంక ఏ పద్దులోంచి వస్తుందని మన నగరపాలక కౌన్సిల్‌లో గట్టిగా అడిగిన గొంతు నాకు వినపడలేదు. టీటీడీ బడ్జెట్‌లో ఒక శాతం ఊరికి ఇద్దామని 2023లో ఒక మాట వచ్చింది. దేవుడి సొమ్ము ముట్టుకోవద్దని ఒక పక్షం, ఊరు బాగుంటేనే భక్తులు బాగుంటారని ఇంకో పక్షం. అది ముందుకు సాగలేదు. ఆ వాదనలో రెండు వైపులా కొంత న్యాయం ఉందనే అనుకుంటాను, దాని మీద విడిగా ఒక ప్రసంగం చేయాలి.

సమయం అయిపోతోందని అద్దంలోంచి వేలు చూపిస్తున్నారు. ఒక్క పని చెప్పి దిగుతాను.

బడ్జెట్ పెట్టిన రోజు టీవీలో వచ్చే అంకె పెళ్లికి ముందు రాసుకునే ఖర్చుల లిస్టు లాంటిది, షామియానా వాడికి, వంటవాళ్లకు నిజంగా ఎంత ఇచ్చామో దాంట్లో ఉండదు. నిజంగా ఇచ్చింది చూడాలంటే అదే పుస్తకంలో పక్క గడులు చూడాలి. మామూలుగా నాలుగు గడులుంటాయి. రెండేళ్ల కిందటి అసలు లెక్క ఒకటి. నడుస్తున్న ఏడాదికి మొదట వేసిన అంచనా ఒకటి. దాన్ని మధ్యలో సవరించింది ఒకటి. వచ్చే ఏడాదికి వేసిన కొత్త అంచనా ఒకటి. టీవీలో, పేపర్లో, ఫ్లెక్సీల మీద కనపడేది చివరిదొక్కటే. మీరు మొదటి గడి చూడండి. రైతు అయితే వ్యవసాయం పద్దు దగ్గర, టీచరైతే విద్య పద్దు దగ్గర, ఆ ఒక్క వరసే చూడండి. రెండేళ్ల కిందట అసలు ఎంత ఖర్చయిందో, ఇప్పుడు ఎంత ఇస్తామంటున్నారో. మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చి మేం ఇంత కేటాయించాం అంటే, పోయినసారి ఎంత ఖర్చు పెట్టారన్నా అని ఒక్క మాట అడగండి, ఏ పార్టీ అయినా సరే.

పుస్తకం రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ప్రతి పేజీ పైన అంకెలు లక్షల్లో ఉన్నాయా, కోట్లలో ఉన్నాయా అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముందు అది చూసుకుని తర్వాత చదవండి. ఉంటాను, నమస్కారం.