కిరిటో అంటే చాలామందికి ఎందుకు పడదు? అసునాతో లవ్ స్టోరీ ఎక్కడ దెబ్బతింది?

స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ అనే జపనీస్ అనిమేలో హీరో కిరిటో, హీరోయిన్ అసునా. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో దాని మొదటి సీజన్ మొత్తం స్పాయిల్ అయిపోతుంది, రెండో సీజన్ కూడా కొంచెం వస్తుంది. చూడనివాళ్లు ఇక్కడే ఆపేసి చూసి రండి.

అనిమే చూసేవాళ్ల మధ్య కిరిటో పేరెత్తితే చాలు గొడవ మొదలవుద్ది. ఒకరేమో నేను చూసిన మొదటి అనిమే అదే, ప్రాణం అంటారు, ఇంకొకరేమో అసలు వాడిలో ఏముంది, ఊరికే గెలుస్తాడు, ఊరికే అమ్మాయిలు పడిపోతారు అంటారు. షో వచ్చింది 2012 జులైలో, ఇప్పటికీ ఈ గొడవ ఆగలేదు. నాకు కిరిటో, అసునా ఇద్దరూ ఇష్టమే, చాలా ఇష్టం. కానీ తిట్టేవాళ్లు ఊరికే తిట్టట్లేదు, వాళ్ల కోపానికి కారణం ఉంది, అది ఎక్కువగా కథని పేర్చిన తీరులో ఉంది. అదే ఇవాళ చెప్తా.

(స్క్రీన్ మీద: గేమ్ జరిగే ఐన్‌క్రాడ్ కోట, 100 అంతస్తులు)

కథ తెలిసిందే. 2022 నవంబర్ 6న గేమ్ లాంచ్ అవుద్ది, పదివేల మంది నర్వ్‌గేర్ అనే వీఆర్ హెల్మెట్ పెట్టుకుని లాగిన్ అవుతారు, లాగౌట్ బటన్ ఉండదు, గేమ్‌లో చస్తే బయట కూడా చావే. గేమ్ తయారుచేసిన కయాబా అకిహికో వచ్చి, వందో అంతస్తు క్లియర్ చేస్తేనే బయటికి అంటాడు. ఈ ఐడియాకి ఎవరూ వంక పెట్టరు. మొదటి ఎపిసోడ్ చూసినవాడికి గుండె ఆగినంత పనవుద్ది.

మరి తేడా ఎక్కడ వచ్చింది? నాలుగో ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి, సిలికా అనే చిన్నమ్మాయికి కిరిటో సాయం చేసే ఎపిసోడ్. చివర్లో వంతెన మీద దొంగల గ్యాంగ్ చుట్టుముడుతుంది, అందరూ కలిసి కిరిటోని నరుకుతుంటారు, వాడు కదలడు, ఊరికే నిలబడి ఉంటాడు. తర్వాత తాపీగా లెక్క చెప్తాడు: మీరంతా కలిసి పది సెకన్లలో నాకు చేసే డ్యామేజ్ 400, నా లెవెల్ 78, హెచ్‌పీ, అంటే ప్రాణబలం, 14,500, బ్యాటిల్ హీలింగ్ స్కిల్ వల్ల పది సెకన్లకి 600 దానంతటదే తిరిగొస్తుంది, మీరు ఎన్ని గంటలు కొట్టినా నేను పడను. సీన్‌గా చూస్తే అదిరిపోయింది. మనకి ఎలివేషన్ కొత్త కాదు కదా, హీరో నడిచొస్తే దుమ్ము లేవడం చూస్తూ పెరిగినవాళ్లం, విజిల్ వేసే సీన్ ఇది. కానీ ఒక్కటి ఆలోచించండి, ఈ కథకి ప్రాణం చావు భయం. ఆ భయం మీదే మొదటి ఎపిసోడ్ నిలబడింది, మూడు ఎపిసోడ్లు తిరక్కుండానే హీరోకి ఆ భయం లేదని షోనే చెప్పేసింది.

వాడు ఓడిపోయే సందర్భం ఒకటుంది, అసునా ఉన్న గిల్డ్ (ప్లేయర్ల జట్టు) లీడర్ హీత్‌క్లిఫ్‌తో డ్యూయల్. హమ్మయ్య వీడు కూడా ఓడతాడు అనుకుంటాం. తీరా తర్వాత చూస్తే హీత్‌క్లిఫ్ అంటే కయాబానే, ఆ డ్యూయల్‌లో సిస్టమ్ హెల్ప్ తీసుకుని గెలిచాడు. అంటే ఆ ఒక్క ఓటమి కూడా కిరిటో ఖాతాలో పడలేదు. ఇక 75వ అంతస్తులోనే కయాబాతో ఆఖరి ఫైట్, గెలిస్తే వందో అంతస్తు దాకా వెళ్లక్కర్లేకుండా అందరికీ విడుదల, హెచ్‌పీ సున్నా అయ్యాక కూడా సంకల్పబలంతో కత్తి దింపేస్తాడు. ఫ్యాన్స్‌కి అది గూస్‌బంప్స్, మిగతావాళ్లకి మాత్రం ఇన్నాళ్లూ చెప్పిన రూల్స్ ఏమైపోయాయి అన్న ప్రశ్న. నన్నడిగితే ఆ ప్రశ్న కరెక్టే.

కానీ మూడో ఎపిసోడ్ ఉందే, దాన్ని తిట్టేవాళ్లని నేను పెద్దగా చూడలేదు. కిరిటో తన లెవెల్ దాచిపెట్టి ఒక చిన్న గిల్డ్‌లో చేరతాడు. అందులో సచి అని ఒక అమ్మాయి, చచ్చిపోతానేమో అని రాత్రిళ్లు నిద్రపోదు, నువ్వు చావవు అని వీడు ధైర్యం చెప్తాడు. 27వ అంతస్తులో ఒక పెట్టె తెరుస్తారు, అది ట్రాప్, తప్పించుకునే టెలిపోర్ట్ క్రిస్టల్స్ పనిచేయవు, కళ్ల ముందే ఒక్కొక్కరూ పోతారు. విషయం తెలిసి గిల్డ్ లీడర్ కూడా వీడి ముందే దూకేస్తాడు. క్రిస్మస్ రోజు ప్రాణాలకి తెగించి ఒంటరిగా బాస్‌ని కొట్టి, చచ్చినవాళ్లని బతికించే ఐటెమ్ సంపాదిస్తే, అది చనిపోయిన పది సెకన్లలోపే పనిచేస్తుందని రాసుంటుంది. తర్వాత సచి ముందే రికార్డ్ చేసి పెట్టిన మెసేజ్ వస్తుంది, దాని చివర్లో ఒక పాట కూనిరాగం తీస్తుంది. కిరిటో అంటే నాకు ఇదే. తప్పు చేసినవాడు, ఆ తప్పు మోస్తున్నవాడు. కానీ ఆ బరువు ఒక ఎపిసోడ్‌తో సరి, వెంటనే సిలికా, ఆ తర్వాత కత్తులు చేసే లిజ్‌బెత్ అనే అమ్మాయి.

ఇక్కడే అసలు సంగతి ఉంది, చాలామందికి తెలీదు. రచయిత రేకి కవహరా ఈ కథని 2002లో ఒక నవలల పోటీ కోసం రాశాడు, పేజీల లిమిట్ దాటిపోయింది, దాంతో ఇంటర్నెట్‌లో పెట్టుకున్నాడు. పుస్తకంగా వచ్చింది 2009 ఏప్రిల్‌లో. ఆ మొదటి వాల్యూమ్ 74వ అంతస్తులో మొదలై, మధ్యలో ఒకసారి మొదటి రోజుకి వెళ్లొచ్చి, నేరుగా కిరిటో అసునాల కథే చెప్తుంది. సచి, సిలికా, లిజ్‌బెత్, వీళ్లిద్దరూ కూతురిలా చూసుకునే యుయి, ఇవన్నీ రెండో వాల్యూమ్‌లో సైడ్ స్టోరీలు. అంటే పుస్తకం చదివినవాడికి కిరిటో ఎవరివాడో ముందే తెలుసు, ఆ తర్వాత ఈ అమ్మాయిల కథలు చదువుతాడు. అనిమే టీమ్ ఏం చేసిందంటే తేదీల ప్రకారం పేర్చింది. దాంతో అసునాతో రెండో ఎపిసోడ్‌లో పరిచయం, తర్వాత ఆమె దాదాపు కనిపించదు, వారానికో కొత్త అమ్మాయి వీడిని చూసి సిగ్గుపడుతుంది, మళ్లీ అసునా వచ్చేసరికి చనువు పెరిగిపోయి ఉంటుంది, పదో ఎపిసోడ్‌కి పెళ్లి. మధ్యలో ఎలా దగ్గరయ్యారో మనకి చూపించలేదు. ఆ ఖాళీకే జనం హేరెమ్, అంటే ఒక్క హీరో చుట్టూ అమ్మాయిల గుంపు, అని పేరు పెట్టారు.

బాధేంటంటే జంటగా చూస్తే వీళ్లు చాలా బాగుంటారు. ఎన్నో అనిమేల్లో వందల ఎపిసోడ్లయినా నోరు విప్పి ఇష్టం చెప్పరు, వీళ్లు చెప్పుకున్నారు, పెళ్లి చేసుకున్నారు, 22వ అంతస్తులో చెక్క ఇల్లు కొనుక్కుని కాపురం పెట్టారు. చావు నెత్తిమీద ఉన్నా చేపలు పట్టుకుంటూ, వండుకు తింటూ గడిపిన ఆ కొన్నాళ్లు నాకు ఏ ఫైట్ కన్నా ఎక్కువ.

తర్వాత ఫెయిరీ డాన్స్ అనే కథాభాగం, 15వ ఎపిసోడ్ నుంచి, అసునా ఇంకో గేమ్‌లో బందీ అవుతుంది. ఇక్కడ మాత్రం నేను షోని వెనకేసుకురాలేను. అసునా ఎవరు? పేరున్న గిల్డ్‌కి వైస్ కమాండర్, మెరుపులాంటి కత్తి. అలాంటి మనిషిని తీసుకెళ్లి పంజరంలో పెట్టారు. తప్పించుకోవడానికి తను చేసిన ప్రయత్నం కూడా పారనివ్వలేదు. 24వ ఎపిసోడ్‌లో ఆమెని బంధించిన సుగో ఆమెని వేధించే సీన్ అయితే విలన్ ఎంత నీచుడో, హీరోకి ఎంత కోపమొచ్చిందో చూపించడానికి పెట్టింది, ఆమె బాధ గురించి షో ఆగి ఆలోచించింది చాలా తక్కువ. పైగా సుగుహా ట్రాక్. కిరిటోకి చెల్లెలిగా పెరిగింది, నిజానికి పిన్ని కూతురు, కాబట్టి ప్రేమించొచ్చు అన్నట్టు నడుపుతారు. మన వరసల్లో పిన్ని కూతురంటే చెల్లెలే, తెలుగువాళ్లకి ఆ లాజిక్ అసలు ఎక్కదు. సుగుహా బాధ నిజమైనదే, ఏడ్చే సీన్ బాగా తీశారు కూడా, కానీ అసునా పంజరంలో ఉండగా ఇంకో అమ్మాయి ప్రేమకథ ఎందుకు?

కవహరా 2012 అక్టోబర్ నుంచి ప్రోగ్రెసివ్ అని వేరే సిరీస్ రాస్తున్నాడు, ఒక్కో అంతస్తూ వరసగా, కిరిటో అసునా మొదటి నుంచీ కలిసే తిరుగుతారు. 2021లో దాని మీద సినిమా వచ్చింది, మొత్తం అసునా వైపు నుంచి. అనిమే రెండు ఎపిసోడ్లలో దాటేసిన మొదటి అంతస్తుకి ఇక్కడ ఒక సినిమా అంత టైమ్ ఇచ్చారు. ఆమె భయపడటం, ఒంటరైపోవడం, ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడి మీద మెల్లగా నమ్మకం కుదరడం, అన్నీ కనిపిస్తాయి.

ఇంకోటి, 2014లో వచ్చిన రెండో సీజన్ చివర్లో మదర్స్ రొజారియో అనే కథాభాగం. అందులో కిరిటో పక్కన నిలబడతాడు, యూకి అనే అమ్మాయి చేతిలో ఓడిపోతాడు కూడా, కథంతా అసునాది. తన జీవితం గురించి అన్నీ తనే డిసైడ్ చేసే అమ్మని బలవంతాన గేమ్‌లోకి తీసుకొచ్చి, ఆ చెక్క ఇంటి కిటికీలోంచి మంచులో ఉన్న చెట్లని చూపిస్తుంది. అమ్మకి పుట్టింటి ఊరు గుర్తొచ్చి కళ్లనీళ్లు వస్తాయి.

కిరిటో నచ్చదు అనే ఫ్రెండ్ మీకుంటే వాదించి లాభం లేదు. ముందు ప్రోగ్రెసివ్ సినిమా చూపించండి, తర్వాత మూడో ఎపిసోడ్, అక్కణ్నుంచి ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా వరసగా. సిలికా, లిజ్‌బెత్ తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.