గడ్డి మీద పట్టా తీసేయండి

(ప్రపంచ పశువైద్య దినోత్సవం నాడు నెల్లూరు దగ్గరి పల్లెలో జరిగిన పశుపోషకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. డాక్టరు గారికి, సర్పంచి గారికి, పని మానుకుని వచ్చిన అన్నలకి, అక్కలకి పేరుపేరునా దణ్ణాలు. గుర్రాలకి వేయించాల్సిన ధనుర్వాతం టీకా గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు డాక్టరు గారు. టీకా తప్పకుండా వేయించండి. ఆ సంగతి నాకంటే ఆయన బాగా చెబుతారు. నేను గడ్డి గురించి మాట్లాడతాను, మన్నించండి సార్. కోతలయిపోయి గడ్డి ఇళ్లకి చేరే రోజులివి. ఇప్పుడు చెప్పకపోతే వానల్లో చెప్పి లాభం లేదు.

మా నాయన నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. గుర్రం పేరు రాణి. ఎర్రది, నుదుట తెల్లచుక్క. మేము తిన్నా తినకపోయినా దానికి ఉలవలు ఉడకాల్సిందే. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తుఫాను తీరం దాటింది కదా, ఆ ఏడు గడ్డి దొరకలేదు. తడిసి ఆరిన గడ్డిని ఒకాయన సగం ధరకి ఇచ్చాడు. పైన చేత్తో తడిమితే గలగలలాడింది. మోపులు విప్పి చూడలేదు. గుర్రాన్ని కట్టేసే పంచలోనే, మట్టినేల మీద, గోడకి ఆనించి పేర్చాం. "అబ్బయ్యా, మళ్లీ వానొస్తది, గట్టిగా కప్పురా" అన్నాడు నాయన. టార్పాలిన్ పట్టా కప్పి, గాలి దూరకుండా తాళ్లు బిగించి కట్టింది నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

నాలుగు రోజుల తర్వాత పట్టా కింద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒంటిలాగా వెచ్చగా ఉంది. చలికాలం కదా, వెచ్చగా ఉంటే మంచిదే అనుకున్నాను.

సంక్రాంతి ముందు పట్టా తీశాం. తీయగానే పొగలాంటిది లేచింది. బూడిద రంగు దుమ్ము, ముక్కిపోయిన వాసన. నాయన ముఖానికి తువ్వాలు కట్టుకుని ఒక్కో మోపునీ దులిపాడు, శుభ్రం చేస్తున్నాననుకుని. దులిపింది రాణి ముక్కు ముందే. దులిపాక ఆ గడ్డే దానికి వేశాడు. దానికి తువ్వాలు ఎవరు కడతారు చెప్పండి?

నెల తిరగకముందే దగ్గు మొదలైంది. గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దానికి దిక్కు. నిమ్మళంగా నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. స్టేషన్ గడియారం చూస్తూ రాణి డొక్కలు లెక్కపెట్టేవాణ్ణి. 30 దాటేది. ఊపిరి వదలడానికి పొట్ట ఎగదన్ని ఎగదన్ని డొక్క కింద కండ గీతలాగా తేలింది. చూడటానికి వచ్చినాయన మెడ తట్టి, సూది వేసి, ముసలిదైపోయింది అన్నాడు. తొమ్మిదేళ్ల గుర్రం ముసలిదా! ఆయన గడ్డి వైపు చూడను కూడా లేదు. నాకు ఇప్పటికీ బాధ అదే. రెండడుగుల దూరంలో ఉంది గడ్డి.

ఇంకో సంగతి. ఆ చలికాలమంతా నాయన కూడా దగ్గాడు. బీడీల వల్ల అని మా అమ్మ తిట్టేది. బూజు దుమ్ము మనిషి ఊపిరితిత్తుల్ని కూడా పాడుచేస్తుందని ఆమెకి తెలియదు. రాణి బండి లాగలేకపోయింది. నాయన దాన్ని అమ్మలేదు. ఆ ఎండాకాలం వడగాడ్పులకి పోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత, నేను పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు పెట్టుకున్నాక, ఒక డాక్టరు మా కొట్టంలోకి వచ్చి, గుర్రాన్ని ముట్టుకోకముందే గుప్పెడు గడ్డి తీసి వాసన చూశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక పని మాట. గడ్డిలో తేమ నూటికి 15 పాళ్లు మించకూడదు. 20 దాటితే బూజు ఖాయం. ఇంకా పచ్చిగా కడితే లోపలే మగ్గి, వేడెక్కి, అగ్గిపుల్ల గీయకుండానే వామి అంటుకుంటుంది. మొదటి ఆరు వారాలు జాగ్రత్తగా ఉండండి. ఇనుప చువ్వ వామి మధ్యకి గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే అగ్గి లోపల ఉన్నట్టే. ఆత్రంగా వామి పెరికేయకండి, గాలి తగిలితే భగ్గుమంటుంది. ముందు ఫైరింజన్‌కి ఫోన్ చేయండి.

మన నెల్లూరోళ్లకి ఎడగారు పంటతో పెద్ద చిక్కు. కోత ఆగస్టు, సెప్టెంబరులో, వాన నెత్తిమీద. మిషన్ కోసిన సాయంత్రమే చుట్టలు కట్టించేస్తారు. వద్దు బాబూ, రెండెండలు తగలనివ్వండి, తిరగేయండి, పొద్దున మంచు ఆరాకే కట్టించండి.

నేల మీద పెట్టకండి. నేల చెమ్మని గడ్డి పీల్చేస్తుంది. కింద చెక్కలో, తాటి దుంగలో పరిచి, గోడకి జానెడు ఎడం ఉంచండి. వాన పడకుండా పైన రేకు ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. పట్టా బిగించి చుట్టారా, లోపలి ఆవిరి బయటికి పోలేక చుక్కలు కట్టి మళ్లీ గడ్డి మీదే పడుతుంది. రాణికి నేను చేసింది అదే. పాతగడ్డి ముందు వాడండి. గుర్రం ఉన్న పంచలో గడ్డి పెట్టకండి, దులపకండి.

వెనకాల ఎవరో అడుగుతున్నారు... ఎండలో వేస్తే బూజు పోదా అని. పోదన్నా. తడి ఆరుతుంది, బూజు పొడి అలాగే ఉంటుంది, ఇంకా తేలిగ్గా లేస్తుంది. బర్రెలు కొంత ఓర్చుకుంటాయేమో, గుర్రం ఓర్చుకోదు. బూజు గడ్డి దిబ్బలో వేసేయండి. మంచి గడ్డిలోనూ కాస్త దుమ్ము ఉంటుంది. దానికి మాత్రం పావుగంట నీళ్లలో ముంచి, నీళ్లు వంపేసి, వెంటనే నేల మీద పెట్టండి, తల దించి తింటుంది. పొద్దున నానేసింది సాయంత్రానికి దాచకండి.

శనక్కట్టె, అదే వేరుశనగ కట్టె, కొనే అన్నలు, అమ్మేవాళ్లు పైన ఎండు కట్టలు పేర్చి అడుగున తడివి పెడతారు. అడుగు కట్ట విప్పించి చూడండి. మొహమాటపడకండి.

ఇదిగో, ఈ గాజుసీసా చూడండి. నిన్న ఇదే ఊళ్లో ఒక వామి నుంచి తెచ్చిన గడ్డి, ముక్కలు చేసి వేశాను. ఇది ప్యాకెట్ ఉప్పు. సముద్రగాలికి మన ఉప్పే చెమ్మగిల్లుతుంది కాబట్టి పెనం మీద వేయించి ఆరబెట్టి తెచ్చాను. మూత పెట్టి మూడు నిమిషాలు ఆడించాలి. ఉప్పు పొడిపొడిగా రాలితే గడ్డి దాచుకోవచ్చు. ఉండకట్టినా, సీసాకి అంటుకున్నా తేమ 15 పాళ్లు దాటినట్టే.

నేను ఆడించను. ముందు వరసలో బాబూ, నీకు ఎన్నేళ్లు? పదకొండా? రా, నువ్వు పట్టుకో. గట్టిగా ఆడించి అందరికీ చూపించు. సీసా గోడకి ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పు.