చెవికి మెషిన్, బిడ్డకు భాష: తొందర దేనికి?

సంధానకర్త: నమస్కారం. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలవ్వాలని నిపుణులు అంటారు. ఈ గడువుల మధ్య తల్లిదండ్రులకు ఆలోచించుకునే టైం ఉంటుందా? ముందు మీరు చెప్పండమ్మా.

తల్లి: ఎక్కడుంటుందండీ! రిపోర్టు చేతికిచ్చిన రోజే ఆపరేషన్ మాటెత్తారు. మా ఇంటా వంటా చెవుడు లేదు. వినపడకుండానే పెరిగి పెద్దయినవాళ్లు ఎలా బతుకుతారో నాకేం తెలుసు?

ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు): తొందరపెట్టడానికి కారణం ఉంది. శబ్దాన్ని అర్థం చేసుకోవడం మెదడు మొదటి కొన్నేళ్లలోనే నేర్చుకుంటుంది. ఆపరేషన్ చేసి చెవిలోపల అమర్చే వినికిడి పరికరం, అదే కాక్లియర్ ఇంప్లాంట్, ఎంత ముందు పెడితే మాట అంత బాగా వచ్చే అవకాశం ఉంది. అమెరికాలో 1990లో రెండేళ్లు నిండిన పిల్లలకు అనుమతిచ్చారు. 2000లో ఆ వయసును ఏడాదికి, 2020లో ఒక కంపెనీ పరికరానికి తొమ్మిది నెలలకు తగ్గించారు.

బధిర ఉపాధ్యాయురాలు (అనువాదకురాలి ద్వారా): తొందర భాషకు కావాలి. మీరు దాన్ని ఆపరేషన్‌కు అంటగడుతున్నారు. ఇంప్లాంట్ పెట్టిన రోజే వినపడదు కదా. కొన్నాళ్లకు స్విచాన్ చేస్తారు, తర్వాత బిడ్డకు తగ్గట్టు మెషిన్‌ను సరిచేసే మ్యాపింగ్, ఏళ్ల తరబడి మాట నేర్పే థెరపీ. అందాకా బిడ్డ అమ్మతో దేంతో మాట్లాడాలి? సంజ్ఞా భాష ఈరోజే మొదలుపెట్టొచ్చు. అప్పుడు ఆపరేషన్ సంగతి కాస్త నిదానంగా తేల్చుకోవచ్చు.

సంధానకర్త: సైగలు అలవాటైతే ఇక మాట రాదంటారే?

ఉపాధ్యాయురాలు: 1880లో ఇటలీలోని మిలాన్‌లో కూడిన బధిర పిల్లల ఉపాధ్యాయులూ అలాగే అనుకుని సైగల్ని తరగతి గదుల్లోంచి వెళ్లగొట్టారు. ఆ తీర్మానాలను తోసిపుచ్చడానికి 2010 దాకా, కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన బధిర విద్య సమావేశం దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్ని తరాల పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?

ఆడియాలజిస్ట్: సైగలు మాటకు అడ్డొస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, నిజమే. కానీ థెరపీకి తిప్పడమే కష్టమవుతున్న ఇంట్లో పెద్దవాళ్లు ఇంకో భాష కూడా నేర్చుకోవాలంటే...

తల్లి: కష్టం సంగతి తర్వాత. ముందు ఆ ప్రాసెసర్ లెక్క గురించి చెప్పండి. బయట పెట్టుకునే ఆ మెషిన్, రోజుకు ఎన్ని గంటలు వాడారో రాసుకుంటుందని మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మ్యాపింగ్‌కి వెళ్తే గ్రాఫ్ తిప్పి చూపించి, "ఈ వారం ఎందుకు తగ్గింది?" అన్నారు. బాబుకు జ్వరమండీ, పీకి పారేస్తున్నాడు! ఆ రోజు నుంచి వాడు మెషిన్ తీసేస్తే నాకు టెన్షన్, నామీద ఏం రాస్తుందోనని.

ఆడియాలజిస్ట్: ఆ లెక్క మాకు అవసరమే. సరిగా వాడకపోతే మ్యాపింగ్ లోపమా, తలమీద అతుక్కోవాల్సిన కాయిల్ (మెషిన్ బయటి భాగం) నిలవట్లేదా అని వెతకాలి.

ఉపాధ్యాయురాలు: వెతకండి, కాదనను. కానీ ఆ గ్రాఫ్ తల్లికి ప్రోగ్రెస్ కార్డు ఎందుకైంది? రేపు ఆర్థిక సాయం ఇచ్చేవాళ్లు ఆ గంటలు చూసే డబ్బిస్తామంటే? వాడకం తగ్గిందంటే బిడ్డ వద్దంటున్నాడని కూడా అర్థం కావచ్చు. ఆ మాట వినడానికి అందులో గడి లేదు.

సంధానకర్త: జన్యు చికిత్స వచ్చాక ఈ గొడవే ఉండదంటున్నారు కొందరు.

ఆడియాలజిస్ట్: చైనాలో ఓటీఓఎఫ్ అనే, వినికిడికి అవసరమైన జన్యువులో లోపం ఉన్న ఆరుగురు పిల్లలకు ఆ చికిత్స ఒక చెవికి ఇస్తే ఐదుగురిలో వినికిడి మెరుగైందని 2024లో ప్రకటించారు. మంచి వార్తే. కానీ పుట్టు చెవుడులో ఆ జన్యువు వాటా చాలా తక్కువ. అది విని, ఇంప్లాంట్ కోసం వచ్చినవాళ్లు జన్యు చికిత్స కోసం ఒక చెవిని వదిలేయమంటున్నారు. ఇంప్లాంట్‌తో మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు కాబట్టి వాళ్ల భయం అర్థమవుతుంది. ఏం చెప్పాలో ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తోంది.

ఉపాధ్యాయురాలు: ఆపరేషన్‌కు ఒప్పుకునే మీ సంతకాల కాగితం ముందు తల్లిదండ్రులు కూర్చునే రోజు, ఆ గదిలో పెద్దయిన బధిరులు ఒక్కరైనా ఉంటారా?

ఆడియాలజిస్ట్: మా దగ్గర లేరు.

తల్లి: ఉంటే నేను ఇంప్లాంట్ వద్దనేదాన్ని కాదేమో. కానీ సైగలు మాత్రం మొదటి నెల నుంచే నేర్చుకునేదాన్ని.

ఆడియాలజిస్ట్: పిలవొచ్చు. అనువాదకులకు ఎవరు డబ్బివ్వాలన్న దగ్గరే మాకు ప్రతిసారీ ఆగిపోతోంది.

ఉపాధ్యాయురాలు: ఇంప్లాంట్ ఖర్చులో అదెంతండీ?