పచ్చి బియ్యం తినే పిల్లలు: యువతలో రక్తహీనతపై స్టూడియో చర్చ

(హైదరాబాద్ స్టూడియో. పాల్గొన్నవాళ్లు: ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే జనరల్ ఫిజీషియన్, అడ్డగుట్ట వైపు అంగన్‌వాడీ టీచర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదివే అమ్మాయి.)

యాంకర్: నమస్తే అండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత, అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం. అంతకుముందు సర్వేలో అమ్మాయిలది 54.1 ఉండేది, అంటే తగ్గాల్సింది పోయి పెరిగింది. డాక్టర్ గారూ, ఏం జరుగుతోందండీ?

డాక్టర్: ముందు ఆ నంబర్ సంగతి చెప్తాను. ఆ సర్వేలో వేలి చివర గుచ్చి చుక్క రక్తం తీసి చూస్తారు, చుక్క రావట్లేదని వేలు పిండారనుకోండి, లోపలి నీరు కూడా కలిసి రీడింగ్ తేడా వచ్చే అవకాశం ఉంది. 2016-18లో ఇంకో జాతీయ పోషకాహార సర్వే చేశారు, అందులో నరం నుంచి రక్తం తీశారు, అక్కడ 10 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 40 శాతం, అబ్బాయిల్లో 18 శాతం వచ్చింది. దీని మీద సైంటిస్టుల మధ్య పెద్ద వాదనే నడిచింది.

యాంకర్: అయితే సగానికి పైగా అన్నది ఉత్తదేనా?

డాక్టర్: ఉత్తది అనను. తక్కువ లెక్కే పట్టుకోండి, అప్పుడు కూడా పది మంది అమ్మాయిల్లో నలుగురు. పైగా రెండు సర్వేల్లోనూ అబ్బాయిల కంటే అమ్మాయిలది దాదాపు డబుల్, ఆ తేడా మాత్రం ఎలా కొలిచినా పోలేదు.

టీచర్: లెక్కలు మీరు చూస్కోండి సార్, నేను చూసింది చెప్త. మా బస్తీల ఇంటర్ చదివే పిల్ల ఉంది, బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి గుప్పెడు గుప్పెడు పచ్చి బియ్యం బుక్కుతది. వాళ్లమ్మ చూసినప్పుడల్లా ‘పచ్చి బియ్యం తింటె లగ్గం నాడు వాన పడ్తదే’ అని మొత్తుకుంటది గానీ ఎందుకు తింటున్నవే అని మాత్రం అడగది. మొఖం పాలిపోతె చుట్టాలొచ్చి ‘పిల్ల రంగు తేలింది’ అంటున్నరు!

డాక్టర్: పచ్చి బియ్యం, బలపం, మట్టి, ఫ్రిజ్‌లో ఐస్ కటకటా నమలడం, ఇవి ఐరన్ తక్కువైన పిల్లల్లో మేం చూసేవే. తిట్టడం కాదు, టెస్ట్ చేయించాలి. వయసొచ్చిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి, దాని కింద ఉంటే రక్తహీనత కిందే లెక్క.

యాంకర్: బలపాలంటే నేనూ చిన్నప్పుడు... సరే అది వదిలేద్దాం. (నవ్వులు) అమ్మా నువ్వు చెప్పు, ఈ డైటింగులు, జీరో సైజ్ గోల వల్లేనా ఇదంతా?

విద్యార్థిని: అందరూ ఇదే అంటరు సార్. మా రూమ్‌లో ఎవ్వరం డైటింగ్ చేస్తలేం. హాస్టల్‌లో టిఫిన్ పెట్టే టైమ్‌కి మేము బస్సులో ఉంటం, పొద్దున చాయ్ బిస్కెట్ మీదనే పోతం, మధ్యాహ్నం బాక్సులో అన్నం నీళ్ల చారు, సాయంత్రం ఆకలికి చేతిలో ఉన్న పైసలకి బజ్జీలే వస్తయ్. ఇంటికి పోయినా అంతే, మటన్ తెస్తే కార్జం ముక్కలు ఏరి తమ్ముడి ప్లేట్‌లో వేస్తది నాయనమ్మ, నేను చూస్తే ‘నీకెందుకే, వేడి చేస్తది’ అంటది.

టీచర్: మొగోళ్లు తిన్నంక ఆడోళ్లు, అప్పటికి గిన్నెల పులుసే మిగుల్తది, ముక్క ఉండది. ఇగ గీ రక్తం లేని పిల్లకే పెండ్లి చేస్తరు. మన తెలంగాణల 20 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లల్ల 23.5 శాతం మందికి 18 నిండక ముందే పెండ్లయిందని మీరు చెప్పిన సర్వేలనే ఉంది కద సార్. కడుపుతోటి మా సెంటర్‌కి వచ్చినంక పాలు, గుడ్డు ఇస్తం, మరి అంతకుముందు ఎవరిచ్చిన్రు?

డాక్టర్: ఇంకోటి ఎవరూ మాట్లాడరు, పీరియడ్స్. నెలకి 80 మిల్లీలీటర్లు దాటి పోతే ఎక్కువ పోతున్నట్టు, కానీ ఇంట్లో కొలుచుకునే విషయం కాదు కదా. గంట, రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా చూపించుకోవాలి. మా దగ్గరికి ఆయాసం అని వస్తారు, కళ్లు తిరుగుతున్నాయి అంటారు, పక్కన నాన్న ఉంటే ఈ మాట మాత్రం నోటి నుంచి రాదు, నేను ఆయన్ని బయట కూర్చోమంటే గానీ.

యాంకర్: స్కూళ్లలో వారానికోసారి నీలం మాత్ర ఇస్తారు కదా?

డాక్టర్: ఇస్తారు, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ అని, రక్తహీనత తగ్గించడానికి కేంద్రం పెట్టిన కార్యక్రమంలో అదొక భాగం. మాత్రలో లోపం లేదు.

టీచర్: మింగుతె కద సార్! ఒక్క పిల్లకి వాంతి అయితె క్లాసంత భయపడ్తది, దొడ్డికి నల్లగ పోయిందంటె ఇంట్లోళ్లు ఇంక వద్దే వద్దంటరు. అది ఐరన్‌తోటి అయితది, మంచిదేనే అని ముందు చెప్పేటోళ్లుండాలె. రేషన్‌ల పోషకాలు కలిపిన బియ్యం గూడ గంతే, ప్లాస్టిక్ బియ్యం అనుకోని చాటల పెట్టి ఏరి పారేసిన్రు.

డాక్టర్: నిజమే. మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో అంత తిప్పదు, చాయ్‌తో మాత్రం వద్దు, చాయ్ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగడం మన హైదరాబాద్‌లో మానిపించడం కష్టమే అనుకోండి. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని నమ్ముతారు, అందులో ఉన్న ఐరన్ పెద్ద ఎక్కువేం కాదు. ఆకుకూర, పప్పు తింటే పైన నిమ్మకాయ పిండుకోండి, లేదా ఓ జామకాయ తినండి. మాంసం తినేవాళ్లకైతే ఆ కార్జం ముక్కే మేలు.

విద్యార్థిని: నాకూ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తది సార్, మెడికల్ షాపులో ఐరన్ టానిక్ కొనుక్కొని తాగొచ్చా?

డాక్టర్: ముందు సీబీపీ, అదే హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే రక్త పరీక్ష, చేయించుకో తల్లీ. విటమిన్ బీ12 తక్కువైనా రక్తం తగ్గుతుంది, తలసేమియా అని అమ్మానాన్నల నుంచి వచ్చే రక్త జబ్బు జీన్ ఉన్నవాళ్లకీ తగ్గుతుంది, వాటికి ఐరన్ మందు కాదు. బస్తీ దవాఖానాలో ఫ్రీగా రక్తం తీసుకుని ల్యాబ్‌కి పంపిస్తారు.

టీచర్: సాయంత్రం నాలుగు గంటలకి బంద్ చేస్తరు సార్. పిల్లలు కాలేజీల నుంచి వచ్చేటాల్లకి తాళం ఉంటది.

డాక్టర్: పొద్దున తొమ్మిదికి తెరుస్తారు కదా, ఒక్క రోజు కాలేజీకి లేట్‌గా వెళ్తే ఏమవుతుంది?

విద్యార్థిని: అటెండెన్స్ కట్ అయితది సార్.

యాంకర్: కాలేజీల వాళ్లు వింటున్నారా మరి? చిన్న బ్రేక్ తీసుకుని, వచ్చాక మీ ఫోన్ కాల్స్ తీసుకుందాం.